దొంగలు పగలగొట్టిన ముందు తలుపు: రెక్క ఒక్కటే మార్చాలా, దర్వాజ కూడా మార్చాలా?

మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా రాస్తాను. నల్లగొండ శివారు కాలనీలో మీది ఒక అంతస్తు ఇల్లు. బంధువుల పెళ్లికి వెళ్లి వచ్చేసరికి ముందు తలుపును ఇనుప రాడ్డుతో పెకిలించి ఉంది. గొళ్ళెం ఊడి కింద పడింది, తలుపు అంచు చీలింది, దర్వాజ (తలుపును గోడలో పట్టి ఉంచే చట్రం) నిలువు కట్టె కూడా తాళం ఎత్తులో పగిలింది. కొత్త టేకు రెక్క (తెరిచి మూసే తలుపు పలక) వేస్తే సరిపోతుందని వడ్ల ఆయన (వడ్రంగి) అంటున్నారు, స్టీలు తలుపు పెట్టించమని స్నేహితులు అంటున్నారు, దర్వాజను కదిలించాలంటే ముహూర్తం చూడాలని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో చాలా కాలంగా తలుపుల పని చేయిస్తున్నవాడిగా నా అభిప్రాయం ఇది. దొంగ తలుపు పలకను పగలగొట్టడం అరుదు. అతడు పగలగొట్టేది తలుపు దర్వాజను పట్టుకునే చోటును, అంటే గొళ్ళెం కొండినో, తాళం నాలుక దూరే రంధ్రాన్నో, తలుపు తిరిగే బందులనో. అందుకని మీ దగ్గరున్న డబ్బులో మొదటి రూపాయి దర్వాజకు, దాని పట్టుకు వెళ్లాలి, ఆ తరువాతే రెక్కకు వెళ్లాలి. పగిలిన దర్వాజకు ఎంత ఖరీదైన టేకు రెక్క బిగించినా ఇల్లు నిన్నటి స్థితిలోనే ఉంటుంది.

పనికి దిగే ముందు పోలీసుల వ్యవహారం పూర్తి కావాలి. 100కు గాని 112కు గాని ఫోన్ చేసి ఉంటే సరే, చేయకపోతే ఈ రోజే స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చేసిన దొంగతనాన్ని భారతీయ న్యాయ సంహితలోని 331(4), 305 సెక్షన్ల కింద నమోదు చేస్తారు. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల లోపల స్టేషన్‌కు వెళ్లి సంతకం చేయవలసి ఉంటుందని, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు తీసుకుని, పంచనామా ముగిసేదాకా తలుపును తుడవకండి, ఊడిన గొళ్ళాన్ని చేత్తో ముట్టకండి. తరువాత కూడా విరిగిన ముక్కలను, తాళాన్ని ఒక గోనెసంచిలో వేసి దాచండి. బాగు చేయించుకోవచ్చా అని దర్యాప్తు అధికారిని అడిగి, ఆయన సరేనన్న తరువాతే వడ్ల ఆయనను పిలవండి. తలుపును, దర్వాజను దూరం నుంచీ దగ్గర నుంచీ, పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసి ఉంచుకోండి. ఇవి కేసుకూ పనికివస్తాయి, వడ్ల ఆయనతో మాట్లాడేటప్పుడూ పనికివస్తాయి.

బీమా గురించి మీరు అడగలేదు గాని, ఇంటి రుణం ఉందన్నారు కనుక ఒక మాట. బ్యాంకు రుణంతో పాటు అంటగట్టే పాలసీ చాలాసార్లు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ అయి ఉంటుంది. అగ్నిప్రమాదం, తుఫాను, వరద వంటివి జరిగిన ఏడు రోజుల లోపల, వాటి కారణంగా జరిగే దొంగతనానికే అందులో రక్షణ ఉంది. మీకు జరిగిన మామూలు చోరీ అందులోకి రాదు. చోరీకి విడిగా కవరు తీసుకుని ఉంటే మాత్రం కంపెనీకి వెంటనే తెలియజేయండి, సర్వేయర్ వచ్చి చూసేదాకా పగిలిన దర్వాజను తీయించకండి.

ఇక ఈ రాత్రి సంగతి. పాత రెక్కనే దగ్గరకు వేసి, లోపలి వైపు నుంచి 3 × 2 అంగుళాల కట్టెలు రెండింటిని, ఒకటి మోకాలి ఎత్తులో, ఒకటి ఛాతీ ఎత్తులో, దర్వాజకు రెండు పక్కలా గోడ మీదికి ఒక అడుగు వచ్చేలా అడ్డంగా పెట్టి యాంకర్ బోల్టులతో గోడకు బిగించండి. తలుపు లోపలికి తెరుచుకునేది కాబట్టి బయటి నుంచి తోసినా ఆ కట్టెలు ఆపుతాయి. రాకపోకలకు పెరటి తలుపు వాడుకోండి. ఇంట్లో ఉన్న తాళంచెవుల గుత్తి కూడా దొంగతనంలో పోయిందన్నారు కదా, కాబట్టి పెరటి తలుపు తాళం మాత్రం చీకటి పడకముందే మార్చండి.

ఇప్పుడు దెబ్బ ఎంతవరకు పాకిందో చూడాలి. ఈ పనికి తొందర పనికిరాదు, ఎందుకంటే రెక్క ఒక్కటి చాలునా, దర్వాజ కూడా తీయాలా అన్నది ఇక్కడే తేలుతుంది. తలుపు పూర్తిగా తెరిచి, దర్వాజ నిలువు కట్టెను తాళం ఎత్తులో రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. కట్టె కదిలితే, లేదా కట్టెకూ గోడ ప్లాస్టరుకూ మధ్య సందులో స్టీలు స్కేలు రెండు అంగుళాల లోతుకు దిగితే, దర్వాజను గోడలో పట్టి ఉంచే ఇనుప క్లాంపుల పట్టు పోయిందని అర్థం. ఆ తరువాత తాళం నాలుక దూరే ఇనుప పట్టీని విప్పి, దాని వెనుక కట్టెను చూడండి. మన దగ్గర ముందు దర్వాజలకు సాధారణంగా 5 × 3 అంగుళాల కట్టె వాడతారు. రెక్క కూర్చోవడానికి అందులో అర అంగుళం గాడి తీస్తారు. అంగుళంన్నర మందం రెక్క నడిమధ్యలో తాళం ఉంటుంది కనుక, నాలుక రంధ్రానికి లోపలి వైపున మిగిలేది అర అంగుళానికి కాస్త అటూఇటూ చెక్క మాత్రమే. బయటి నుంచి తన్నినప్పుడు దెబ్బ అంతా ఆ పలుచని చెక్క మీద పడుతుంది. దాన్ని పట్టి ఉంచే పట్టీకి తాళం పెట్టెలో వచ్చిన ముప్పావు అంగుళం స్క్రూలు తప్ప మరేమీ ఉండవు. ఎన్ని లీవర్ల తాళం అని అడిగి కొన్నవారు కూడా ఆ స్క్రూల వైపు చూడరు.

చీలిక ఆ అర అంగుళం చెక్క వరకే ఉండి, పైకీ కిందికీ ఒక అడుగుకు మించి పాకకపోతే, కట్టె గోడలో కదలకుండా ఉంటే, దర్వాజను తీయవలసిన అవసరం లేదు. చీలికలోకి ఎపాక్సీ జిగురు ఎక్కించి, సి క్లాంపులతో బిగించి ఒక రాత్రి ఆరనివ్వాలి. ఆ తరువాత 3 మి.మీ. మందం ఇనుప రేకును రెండడుగుల పొడవున ఎల్ ఆకారంలో వంచి, తాళం నాలుకకు రంధ్రం కొట్టించి, గాడి మూలను కప్పేలా పెట్టాలి. దాన్ని రెండు అంగుళాల స్క్రూలతో కట్టెకు, 10 మి.మీ. లావు, 5 అంగుళాల పొడవు ఉన్న ఫ్రేము యాంకర్లు మూడింటితో కట్టె గుండా గోడకు బిగించాలి. గ్రిల్లులు చేసే వెల్డింగు షాపులో ఈ రేకును కాసేపట్లో వంచి ఇస్తారు. రంగు వేస్తే కనిపించదు. ఇంత చిన్న పనికి వడ్ల ఆయనకు పెద్దగా మిగలదు కాబట్టి ఆయన దీన్ని తనంతట తానుగా సూచించకపోవచ్చు. మీరే అడిగి చేయించుకోవాలి.

మీరు పంపిన వివరాలను బట్టి చూస్తే మీ దర్వాజకు చీలిక తాళం నుంచి కింది బందు ఎత్తు దాకా వచ్చింది, ప్లాస్టరు కూడా రాలింది. ఇది జిగురుతో ఆగదు. తాళం ఎత్తులో అతుకు వేయడం కూడా నేను ఒప్పుకోను, బలం కావలసిన చోటనే అతుకు ఉండకూడదు. దర్వాజ మార్చండి.

మార్చే ముందు దర్వాజ పైన ఏముందో చూడాలి. మీ ఇల్లు ఇటుక గోడలు, కాంక్రీటు లింటెల్ (తలుపు పైన గోడ బరువును మోసే అడ్డదూలం) ఉన్నదైతే పైబరువు లింటెల్ మీద ఉంటుంది కాబట్టి చింత లేదు. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు పాత రాతి ఇళ్లు, మట్టి గోడల ఇళ్లు ఉన్నవారు ఇది చదువుతుంటే వారికి ఒక హెచ్చరిక. అటువంటి ఇళ్లలో దర్వాజ మీద టేకు పలకలు పరచి, వాటి మీదే గోడ కట్టుకుంటూ పోయారు. ఆ దర్వాజను లాగితే పై గోడ కూలుతుంది. ముందుగా రెండు వైపులా జాకీలు పెట్టి, మేస్త్రీ ఉండగానే పని మొదలుపెట్టాలి.

తీసేటప్పుడు నిలువు కట్టెను నడుమ రంపంతో కోసి రెండు ముక్కలుగా లాగితే గోడ తక్కువగా దెబ్బతింటుంది. గడ్డపారతో పెకిలిస్తే ప్లాస్టరు పలకలుగా ఊడుతుంది, గడప దగ్గరి షాబాదు బండ కూడా పగులుతుంది. కొత్త దర్వాజకు ఒక్కో పక్క మూడు చొప్పున క్లాంపులు తప్పనిసరి. పై మూల నుంచి అడుగు దూరంలో ఒకటి, కింది నుంచి అడుగు దూరంలో ఒకటి, తాళం ఎత్తులో ఒకటి ఉండాలి. క్లాంపు కోసం గోడలో గుంత తవ్వి, దాన్ని ఇసుక సిమెంటుతో పూడ్చడం మన మేస్త్రీల అలవాటు. అది కాదు, సన్నకంకరతో 1:2:4 కాంక్రీటు (ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర) వేసి కూరమనండి, ఏడు రోజులు తడపమనండి. నిలువు కట్టెకూ గోడకూ మధ్య ఖాళీ ఎక్కడా ఉండకూడదు, ముఖ్యంగా తాళం ఎత్తులో. ఖాళీ ఉంటే రాడ్డు పెట్టి వంచినప్పుడు కట్టె ఆ ఖాళీలోకి వంగి నాలుక బయటికి జారిపోతుంది. గోడకు ఆనే వైపు కట్టెకు ముందే చెద మందు పట్టించి, దాని మీద తారు పూయాలి. గోడలో బిగించాక ఆ వైపు మళ్లీ ఎవరికీ అందదు. చల్క నేలల్లో చెద ఎంత త్వరగా ఎక్కుతుందో మీకు తెలియనిది కాదు.

కట్టె లెక్క మీకు తెలిసి ఉంటే డిపోలో మాట్లాడటం సులువు. ఏడడుగుల ఎత్తు దర్వాజకు రెండు నిలువు కట్టెలు 14 అడుగులు, పైదీ గడపదీ కలిపి 8 అడుగులు, మొత్తం 22 అడుగులు. 5 × 3 అంగుళాల కట్టెకు ఇది సుమారు 2.3 ఘనపుటడుగులు అవుతుంది. అంగుళంన్నర మందంతో 6¾ × 3¼ అడుగుల నిండు చెక్క రెక్కకు సుమారు 2.7 ఘనపుటడుగులు పడతాయి, కోతలో పోయే తరుగు వేరే. ఎవరైనా దీనికి రెండింతలు చెబితే వివరం అడగండి. టేకును బిల్లు, అటవీ శాఖ అనుమతి ఉన్న టింబర్ డిపోలోనే కొనండి. నల్లమల వైపు నుంచి చవకగా తెప్పిస్తామనేవారి మాట వింటే, దొంగతనం కేసు పెట్టిన మీరే మరో కేసులో నిలబడవలసి వస్తుంది. పచ్చి కట్టె మాత్రం ఏ ధరకు వచ్చినా వద్దు. మన ఎండల్లో 44, 45 డిగ్రీల వేడికి పచ్చి కట్టె ఒక్క వేసవిలోనే మెలి తిరుగుతుంది, అప్పుడు తాళం నాలుక రంధ్రానికి అందదు.

ముహూర్తం విషయంలో పెద్దల మాటను నేను తీసిపారేయను. పసుపు కుంకుమ పెట్టుకునే గడపను తీయడం వారికి మనసొప్పని పని. అయితే మంచి రోజు కోసం మూఢమో ఆషాఢమో గడిచేదాకా పగిలిన దర్వాజతో ఉండటమూ సరికాదు. గడప మీ ఇంట్లో చెక్కుచెదరలేదు కనుక దాన్ని అలాగే ఉంచి, రెండు నిలువు కట్టెలు, పై కట్టె మాత్రమే మార్చవచ్చు. నిలువు కట్టెల కింది కొసలను గడపలోకి కూసం చేసి (కొసను సన్నగా చెక్కి గడప రంధ్రంలోకి దూర్చి) కూర్చోబెట్టగల పనివాడు ఉంటే చాలు. చాలా ఇళ్లలో పెద్దలు దీనికి అభ్యంతరం చెప్పరు.

రెక్క విషయానికి వస్తే, టేకు నిండు చెక్క నా మొదటి ఎంపిక. పైన చెప్పిన కొలతకు అది దాదాపు 50 కిలోల బరువు తూగుతుంది కనుక మూడు బందులు చాలవు, 5 అంగుళాల స్టీలు బందులు నాలుగు వేయించండి. వాటికి రెండు అంగుళాలకు తగ్గని స్క్రూలు వాడాలి, వాటిని సుత్తితో కొట్టి దించకుండా ముందు సన్నని రంధ్రం వేసి తిప్పి బిగించాలి. మీరు చూస్తుండగా ఇది చేయించుకోండి, ఎందుకంటే సుత్తితో దించిన స్క్రూ పైకి బిగుతుగానే కనిపిస్తుంది. టేకుకు డబ్బు చాలకపోతే ఐఎస్ 2202 (ఫ్లష్ తలుపుల భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న, లోపల నిండు చెక్క నింపిన, నీటిని తట్టుకునే రకం ఫ్లష్ తలుపు తీసుకోండి. తాళం వచ్చే చోట లోపల గట్టి చెక్క ఉందో లేదో అడిగి తెలుసుకోండి. డబ్ల్యుపిసి (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) తలుపు బాత్రూముకు మంచిదే, కాని స్క్రూ పట్టు టేకులో ఉన్నంత ఉండదు కాబట్టి ముందు తలుపుకు నేను వేయించను.

స్టీలు తలుపు చెడ్డదని నేను అనను. దాని దర్వాజ కూడా స్టీలుదే, తాళం నాలుకలు పలుచోట్ల దర్వాజలోకి దూరుతాయి, చెద బాధ లేదు. కాని దాని దర్వాజ లోపల బోలుగా ఉంటుంది. దాన్ని సిమెంటు మిశ్రమంతో నింపకుండా నాలుగు బోల్టులతో వదిలేస్తే, రాడ్డుకు రేకు సొట్టపడి నాలుకలు ఊడివస్తాయి. రేకు మందం ఎంతో మిల్లీమీటర్లలో చెప్పమని అడగండి, బిల్లు మీద రాయించుకోండి. పడమటి ముఖం ఇంటికి మధ్యాహ్నం అది చెయ్యి పెట్టలేనంతగా కాగుతుంది. తాళం చెడిపోయినప్పుడు దాని విడిభాగం నల్లగొండలో దొరుకుతుందా, హైదరాబాద్ నుంచి రావాలా అన్నదీ కొనేముందే తేల్చుకోవాలి.

తాళం, గొళ్ళెం విషయంలో నేను కొంచెం పట్టుగా చెబుతాను. బయట వేలాడే తాళంకప్ప ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చెబుతుంది. తలుపు లోపల కూర్చునే తాళం ఆ సంగతి చెప్పదు. కాబట్టి ముందు తలుపుకు ఆల్‌డ్రాపూ (తాళంకప్ప తగిలించే బయటి గడియ) తాళంకప్పా తీసేసి, లోపల కూర్చునే మంచి తాళం ఒకటి, దానికి అడుగున్నర పైన మరో డెడ్‌బోల్టు (స్ప్రింగు లేని గట్టి నాలుక తాళం) ఒకటి పెట్టించండి. ఒకే చోట రెండు పెడితే అక్కడి చెక్క ఇంకా బలహీనపడుతుంది. అలవాటు కొద్దీ ఆల్‌డ్రాపు ఉండాల్సిందే అనుకుంటే, దాన్ని స్క్రూలతో కాక, బయట గుండ్రని తల, లోపల నట్టు, వెడల్పు వాషరు ఉన్న బోల్టులతో తలుపు గుండా బిగించాలి. మీ పాత గొళ్ళెం ఊడిన చోట నాలుగు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి చూడండి, వాటి లోతు ముప్పావు అంగుళం దాటదు. రాడ్డుకు అది ఒక్క పట్టు పని. లోపలి వైపు పైనా కిందా టవర్ బోల్టులు వేయించండి, కిందిది బండలోకి దిగాలి.

పెరటి తలుపును మరవకండి. ముందు తలుపుకు ఇంత ఖర్చు పెట్టి, వెనుక పలుచని ప్లైవుడ్ రెక్కకు అంగుళం గొళ్ళెంతో వదిలేసిన ఇళ్లే ఎక్కువ. దానికి టేకు అక్కరలేదు. 40 మి.మీ. చదరపు గొట్టాల చట్రం మీద 16 గేజి ఇనుప రేకు కొట్టించి, లోపలి నుంచి అడ్డగడియ పెట్టుకుంటే సరిపోతుంది.

చివరగా పనుల వరుస గురించి. దర్వాజ కాంక్రీటు తడుస్తున్న ఏడు రోజులూ కొత్త రెక్క వేలాడదీయడానికి లేదు, కాబట్టి అన్నిటికంటే ముందు బయటి ఇనుప గ్రిల్లు తలుపు పెట్టించండి. దాన్ని చెక్క దర్వాజకు కాకుండా గోడకు, దర్వాజ అంచు నుంచి ఐదారు అంగుళాలు వదిలి బిగిస్తే, తరువాత ప్లాస్టరు కొట్టినా దాని పట్టు కదలదు. గ్రిల్లు బందులు బయట ఉంటాయి కనుక వాటి కడ్డీలు ఊడదీయడానికి వీల్లేకుండా కొసలకు వెల్డింగు వేయించాలి. తాళం చుట్టూ, కడ్డీల సందుల్లోంచి చెయ్యి దూరి తిప్పలేని విధంగా రేకు పెట్టె చేయించాలి. గ్రిల్లుకూ చెక్క తలుపుకూ మధ్య కనీసం నాలుగు అంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే తలుపు పిడి తగిలి గ్రిల్లు మూసుకోదు. కిటికీలన్నిటికీ ఊచలున్న మన ఇళ్లలో మంటలంటుకుంటే బయటపడే దారులు ముందు తలుపు, పెరటి తలుపు మాత్రమే. అందువల్ల రాత్రి పడుకునేటప్పుడు గ్రిల్లుకు లోపలి నుంచి తాళంకప్ప వేయకుండా, చేత్తో తిప్పితే తెరుచుకునే తాళం పెట్టించండి. ఆ గ్రిల్లు బిగించిన రోజునే లోపలి అడ్డకట్టెలు విప్పి, పాత దర్వాజకు రంపం పెట్టవచ్చు. రెక్కను ఇప్పుడు, ఈ వానల్లో వేలాడదీస్తే అంచుల్లో 2 మి.మీ. సందు వదలమనండి. పని వేసవికి జరిగితే మాత్రం 4 మి.మీ. దాకా వదలాలి, లేకపోతే జూలైలో కట్టె ఉబ్బి తలుపు పట్టేస్తుంది, అప్పుడు వడ్ల ఆయన వచ్చి రందా (చిత్రిక) పట్టేది సరిగ్గా తాళం ఉన్న అంచుకే.